మాటలో ముందు, చదువులో వెనక: టోక్యో జపనీస్ స్కూల్లో ఒక తెలుగు అబ్బాయి కేసు

2023 అక్టోబరు బ్యాచ్‌లో టోక్యో వచ్చిన అబ్బాయి. సొంతూరు జగిత్యాల వైపు, వయసు 23, హైదరాబాద్‌లో బీటెక్. చదువు అయ్యాక అక్కడే ఆరు నెలలు జపనీస్ కోచింగ్ తీసుకుని 2022 డిసెంబరులో ఎన్5 పాసయ్యాడు (జపనీస్ స్థాయిని కొలిచే జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్5 అన్నిటికంటే కింది మెట్టు, ఎన్1 పై మెట్టు). ఇక్కడ చేరింది ఏడాదిన్నర కోర్సులో, అంటే 2025 మార్చికి ముగిసేది. ఆ తర్వాత ఏదైనా ఐటీ కంపెనీలో ఉద్యోగం అతని లక్ష్యం. నేను టోక్యోలో మన పిల్లలకు విడిగా జపనీస్ చెప్తాను. స్కూల్లో వెనకబడినవాళ్ళే ఎక్కువగా నా దగ్గరికి వస్తారు. అతన్ని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. చదువుకు సంబంధించినవి మాత్రం మార్చలేదు.

2024 జనవరిలో నా దగ్గరికి వచ్చేసరికి మొదటి టర్మ్ పరీక్ష పోయింది. స్కూల్ ఇచ్చిన కాగితంలో వ్యాకరణం 48, కంజి-పదాలు 31, చదవడం 35, వినడం 82 అని ఉంది. కంజి అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోటి ఒక్కో అర్థాన్ని చూపే అక్షరాలు. పాస్ మార్కు 60. మాట్లాడటానికి మాత్రం 'ఏ' గ్రేడు. కింద టీచర్ రాసిన వాక్యానికి అర్థం: ఇంటి దగ్గర ఇంకా కష్టపడాలి. హాజరు 84 శాతం. అది 80 కిందికి దిగితే వీసా పొడిగింపు దగ్గర ప్రశ్నలు మొదలవుతాయని అతనికి తెలుసు. సగం టెన్షన్ దాని గురించే.

"నా బుర్రకు ఎక్కుతలేదక్కా. క్లాసుల అందరికీ ఎక్కుతుంది, నాకే ఎక్కుతలేదు" అన్నాడు. ఈ మాట నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అనేదే. అయితే ఇతని కాగితం చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. వినడంలో 82 వచ్చినవాడికి వ్యాకరణంలో 48 ఎందుకు వస్తుంది? వ్యాకరణం రాకపోతే విన్నది మాత్రం ఎలా అర్థమవుతుంది?

స్కూల్ నడక

జపాన్‌లో జపనీస్ స్కూల్ ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 45 నిమిషాల పీరియడ్లు రోజుకు నాలుగు, వారానికి ఐదు రోజులు. మూడు నెలలకొక టర్మ్. జపనీస్‌ని జపనీస్‌లోనే చెప్తారు, ఇంగ్లిష్ ఉండదు. ప్రాథమిక స్థాయి పుస్తకం రెండు భాగాలు, మొత్తం 50 పాఠాలు. చాలా స్కూళ్ళలో రెండు టర్ముల్లో, అంటే ఆరు నెలల్లో, ఆ 50 అయిపోతాయి. సెలవులు, పరీక్షలు తీసేస్తే రెండు రోజులకొక పాఠం. అదే పుస్తకంలో మొదటి 25 పాఠాలకు ఇతనికి హైదరాబాద్‌లో ఆరు నెలలు పట్టింది. ఇక్కడి నడక దానికి రెట్టింపు, పైగా రోజూ పొద్దున కంజి మీద చిన్న పరీక్ష.

చేరిన వెంటనే స్థాయి చూసే పరీక్ష పెడతారు. రాతపరీక్ష కొంత, ఇంటర్వ్యూ కొంత. ఇంటర్వ్యూలో ఇతను దంచేశాడు. కాలేజీ రోజుల నుంచి అనిమే (జపాన్ కార్టూన్లు) చూస్తూ పెరిగిన చెవి, పైగా కొత్తవాళ్ళతో మొహమాటం లేకుండా మాట్లాడే స్వభావం. రాతపరీక్షలో మార్కులు అంతంతమాత్రమే అయినా ఎన్5 సర్టిఫికెట్ ఉంది కాబట్టి 26వ పాఠంతో మొదలయ్యే క్లాసులో వేశారు. కాగితం మీద చూస్తే అది న్యాయమే.

ఆ క్లాసులో పద్దెనిమిది మంది. ఎక్కువమంది చైనావాళ్ళు, కొందరు వియత్నాం, ఇద్దరు నేపాల్. చైనా విద్యార్థికి పేజీ ముందు పెడితే పలకడం రాకపోయినా సగం అర్థం కళ్ళకు తెలిసిపోతుంది. వియత్నాం వాళ్ళు కంజి రాయరు గానీ, వాళ్ళ భాషలో చైనా నుంచి వచ్చిన మాటలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒన్‌యోమి (కంజితో పాటు చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ) శబ్దాలు వింటే ఆ మాటలు గుర్తుకొస్తాయి. మనవాళ్ళకూ నేపాలీలకూ ఈ రెండూ లేవు. టీచర్ బోర్డు మీద రాసి, "అర్థమైందా?" అని అడిగి, పదిమంది తలలూపగానే ముందుకు వెళ్తుంది. ఆమె తప్పేమీ లేదు. పదిమందికి నిజంగానే అర్థమైంది.

మూడు రకాలుగా ఒకే పరీక్ష

నేను మొదట చేసింది, ఎక్కడ ఆగుతున్నాడో వెతకడం. ఒకే స్థాయి పాఠాలు మూడు తీసుకున్నాను, ఒక్కొక్కటి సుమారు నాలుగు వందల అక్షరాలు. మొదటిది నేను చదివి వినిపించి ప్రశ్నలు అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు, ఒకచోట నవ్వాడు కూడా, ఎందుకంటే కథలో ఆ చోట నవ్వు రావాలి. రెండోది కంజి మీద ఫురిగాన, అంటే చదివే తీరు చిన్న హిరగాన (ఉచ్చారణను మాత్రమే చూపే జపనీస్ లిపి) అక్షరాల్లో, ముద్రించి ఇచ్చాను. కొంచెం నిదానంగా చదివాడు, అర్థం బాగానే వచ్చింది. మూడోది ఫురిగాన లేకుండా ఇచ్చాను. రెండో వాక్యంలోనే ఆగిపోయాడు. ఏడు నిమిషాల తర్వాత కూడా సగం దాటలేదు. చదివిన సగంలోనూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాడు.

వ్యాకరణం మార్కులు కూడా అక్కడే పోయాయి. ప్రశ్నలో ఖాళీకి ముందున్న మాట చదవలేకపోతే ఖాళీలో ఏం పెట్టాలో తెలిసినా పెట్టలేడు. అతని జవాబు పత్రం తెప్పించి, తప్పు పోయిన ప్రశ్నలు నేను పైకి చదివాను. చాలావాటికి వెంటనే సరైన జవాబు చెప్పాడు.

ఇలాంటివాళ్ళను స్కూల్లో తొందరగా బద్ధకస్తులని అనుకుంటారు. అంత చక్కగా మాట్లాడేవాడు పేపర్ మీద ఏమీ రాయకపోతే, చదవడం లేదు కాబోలు అనే ఎవరికైనా అనిపిస్తుంది. అసలు మాట్లాడలేనివాడైతే టీచర్ ముందే జాగ్రత్తపడి ఉండేది. ఇతని మాటే ఇతని వెనకబాటును కప్పేసింది.

ఒకరోజు వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. పదేళ్ళకు పైగా దుబాయ్‌లో పనిచేసి వచ్చిన మనిషి. "అమ్మా, నేను దుబాయ్ పోయినప్పుడు నాకు హిందీ ఎవడు నేర్పిండమ్మా? పనిల పడితే అదే వచ్చింది. వీడు డబ్బులు కట్టి మరీ బడికి పోతుండు, ఎందుకు వస్తలేదు?" అన్నారు. ఆయన్నే ఒక మాట అడిగాను, హిందీ పేపరు చదవగలరా అని. కాసేపు ఏమీ అనలేదు. "లేదమ్మా, చదవరాదు" అన్నారు. మీ అబ్బాయికీ పనిలో పడితే వచ్చే భాష వచ్చింది, వాడి పరీక్ష మాత్రం పేపరు చదవడంలో ఉంది అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో ఎప్పుడూ వాదించలేదు.

నోట్‌బుక్కులో ఇంగ్లిష్

అతని నోట్సు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. అర్థాలన్నీ ఇంగ్లిష్‌లో, ఉచ్చారణ చాలాచోట్ల రోమన్ లిపిలో. హైదరాబాద్ కోచింగ్‌లో అలాగే అలవాటు చేశారట. మన పిల్లల్లో నూటికి తొంభై మంది ఇలాగే వస్తారు, నాకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది. వాక్య నిర్మాణంలో జపనీస్‌కు అంత దగ్గరగా ఉన్న భాష నోట్లో పెట్టుకుని, దానికి నేరుగా అడ్డం తిరిగి ఉండే ఇంగ్లిష్ గుండా వెళ్ళడం దేనికి?

రోమన్ వల్ల మొదటి నష్టం చెవికి. ఒజిసాన్ అంటే బాబాయి వయసు మనిషి, ఒజీసాన్ అంటే తాతయ్య. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ళ. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం తెలుగువాడికి పుట్టుకతో వచ్చినవి. రోమన్‌లో రాసుకునేసరికి ఆ తేడా కంటికి పలచబడి చెవికీ పోతుంది. త్సుకుఎ అంటే బల్ల. ఇతను దాన్ని రోమన్‌లో చూసి సుకుఎ అనేవాడు. చుట్టం, చుక్క అనేటప్పుడు మన నోట్లో పలికే చ కూడా అదే కదా అంటే, ఒకసారి తనలో తాను పలికి చూసుకుని తలూపాడు. ఆ రోజు నుంచి నోట్సులో రోమన్ నిషేధం. ఉచ్చారణ హిరగానలో, అర్థం తెలుగులో.

హిరగాన పట్టిక కూడా మనకు కొత్తదేమీ కాదు. అ, ఇ, ఉ, ఎ, ఒ అచ్చులు. ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల వరసను పోలి ఉండటం కాకతాళీయం కాదు. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సంస్కృత అక్షరాల చదువు ఆ వరసలో కనపడుతుంది.

అసలు లాభం వ్యాకరణంలో. జపనీస్‌లో తబెతె మిరు అంటే తిని చూడు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. రుచి చూడమనే అర్థం రెండు భాషల్లోనూ ఒకే తీరులో వస్తుంది. కత్తె ఒకు అంటే ముందుగానే కొని ఉంచడం. వసురెతె షిమత్త అంటే మర్చిపోయాను. మనం 'మరిచి'కి 'పోవు' తగిలిస్తాం, వాళ్ళు 'అయిపోగొట్టు' లాంటి క్రియ తగిలిస్తారు. 'తొ ఇత్త' అంటే 'అని అన్నాడు'. కినో కత్త హోన్ అంటే నిన్న కొన్న పుస్తకం, మాటకు మాట అదే వరస. ఇతను దీన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పుకుని, మళ్ళీ జపనీస్‌లోకి తిప్పుకుని, ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు తలకిందులు చేసుకుంటున్నాడు. వినేటప్పుడు తిప్పుకునేంత టైమ్ లేదు కాబట్టి తిప్పుకోలేదు, అందుకే అర్థమైంది. చదివేటప్పుడు టైమ్ ఉంది, అదే అతన్ని ముంచింది.

ఆ టర్మ్‌లో అతను మరీ ఎక్కువ తప్పులు చేసిన చోటు క్రియల జంటలు. లైటు ఆరి ఉంది అనడానికి కియెరు, లైటు ఆర్పాను అనడానికి కెసు. బండి ఆగడం తొమరు, ఆపడం తొమెరు. తలుపు తెరుచుకోవడం అకు, తెరవడం అకెరు. ఇంగ్లిష్‌లో ఆగడానికీ ఆపడానికీ ఒకటే మాట సరిపోతుంది కాబట్టి అటునుంచి వస్తే ఇది బట్టీ పట్టాల్సిన చిట్టా. తెలుగులో ఆగు-ఆపు, ఆరు-ఆర్పు, దిగు-దించు చిన్నప్పటి నుంచీ ఉన్నవే. తెలుగు జంట పక్కన జపనీస్ జంట రాసుకుంటూ పోయాడు. రెండు వారాల్లో ఆ పాఠం పూర్తిగా చేతికొచ్చింది.

తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు, అది కూడా మొదట్లోనే చెప్పాను. 'ఇచ్చాడు' అనే ఒక్క మాటకు జపనీస్‌లో ఎవరు ఎవరికి ఇచ్చారన్నదాన్ని బట్టి అగెరు, కురెరు అని వేరు క్రియలున్నాయి. 'వ', 'గ' ప్రత్యయాల మధ్య తేడా మన విభక్తులతో తేలదు. వాన నన్ను తడిపేసి ఇబ్బంది పెట్టింది అనడానికి వాళ్ళు వాడే కర్మణి ప్రయోగానికి తెలుగులో సాటి లేదు. ఇవి మామూలుగా, ఉదాహరణలతో, పదే పదే చేసి నేర్చుకోవాల్సినవే.

కంజి

అసలు రోగం ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువ కాలం దీనిమీదే గడిపాం. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి ఖరారు చేసిన జోయో కంజి 2136. ఇతనికి అప్పటికి చూసి చదవగలిగేవి రెండు వందలు ఉండొచ్చు. ప్రతి రాత్రీ కొత్త కంజి తీసుకుని ఒక్కోదాన్ని ఇరవైసార్లు రాసేవాడు. పొద్దున చిన్న పరీక్షలో రాసేవాడు, వారం తర్వాత అదే కంజి పాఠంలో ఇంకో కంజితో జతగా కనిపిస్తే గుర్తుపట్టేవాడు కాదు. ఎందుకంటే నేర్చుకున్నది బొమ్మ, కావలసింది మాట.

మార్చినవి కొన్నే. విడి కంజి రాయడం మానిపించాను, మర్నాటి చిన్న పరీక్షలో ఉన్నవి తప్ప. వాటికి రోజుకు పావుగంట, అంతకు మించి వద్దు. మిగతా టైమంతా మాటలకు: పాఠంలోంచి రోజుకు పది మాటలు, ఒక్కోటి అది వచ్చిన వాక్యంతో సహా, ఫోన్‌లో ఫ్లాష్‌కార్డు యాప్‌లో. కార్డు ముందువైపు ఫురిగాన లేని వాక్యం, వెనక చదివే తీరు, తెలుగు అర్థం.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది వరస మార్చడం. స్కూల్ చెప్పేది పునశ్చరణ: పాఠం అయ్యాక ఇంటికెళ్ళి మళ్ళీ చదువు. చూడగానే పేజీ అర్థమయ్యేవాడికి అది సరిపోతుంది. ఇతనికి క్లాసులో పేజీ మొదటిసారి కనిపించిన క్షణం నుంచే వెనకబాటు మొదలవుతోంది. టీచర్ వివరిస్తుంటే ఇతను రెండో లైనులోని కంజి దగ్గరే ఉంటాడు, మిగతా వివరణంతా వృథా. కాబట్టి రేపటి పేజీ ఇవాళే చదవాలి. ఫురిగాన రాసుకుని, మాటలు చూసుకుని, ఒకసారి పైకి చదువుకుని క్లాసుకు పోవాలి. క్లాసు అయ్యాక ఇంట్లో మళ్ళీ చదవకపోయినా ఫర్వాలేదని గట్టిగా చెప్పాను.

దీనికి క్లాస్ టీచర్ సాయం కావాలి, ఎందుకంటే పుస్తకంలో లేని చదువు పాఠాలు ఆమె అప్పటికప్పుడు ప్రింటు తీసి పంచుతుంది. ఇతను అడగడానికి జంకాడు. మన పిల్లలకు టీచరు దగ్గరికెళ్ళి "నాకు అందట్లేదు" అనడం నామోషీ. క్లాసులో అర్థం కాకపోయినా "హై" (అవును) అంటూ తలూపడం ఇక్కడికొచ్చాక ఇంకా ముదురుతుంది. అడగాల్సిన నాలుగు వాక్యాలు ఇద్దరం కలిసి తయారుచేశాం. ఆమె ఆశ్చర్యపోయిందట. ముందురోజే కాగితం ఇవ్వడానికి వెంటనే ఒప్పుకుంది. హోంవర్కు చేయకుండా వస్తున్నాడని అన్నాళ్ళూ అనుకున్నానని కూడా చెప్పిందట.

కంజి మూడు వందలు దాటాక అక్షరం లోపలి భాగాలు చూపించడం మొదలుపెట్టాను. నీలం అనే అర్థమున్న కంజిని సెయ్ అని చదువుతారు. దాని పక్కన సూర్యుడి గుర్తు చేరితే మబ్బు విడిచిన ఆకాశం, నీళ్ళ గుర్తు చేరితే స్వచ్ఛం, మాట గుర్తు చేరితే కోరడం. మూడింటి ఒన్‌యోమి సెయ్. ఇలాంటి కుటుంబాలు వందలున్నాయి. ముందే చెప్తే ఇది ఇంకో బరువవుతుంది, కొన్ని వందల కంజి వచ్చాక చెప్తే తెలియని కంజిని కూడా ఊహించి చదివే ధైర్యం ఇస్తుంది. ప్రతి కంజికీ ఒక కథ అల్లి గుర్తుపెట్టుకునే పద్ధతి అతను అంతకుముందు రెండు నెలలు ప్రయత్నించాడు. దానిమీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కథ అర్థాన్ని గుర్తుచేస్తుంది, ఎలా చదవాలో చెప్పదు. ఇతనికి లేనిది అదే.

రాత్రి పని

ఇప్పటిదాకా చెప్పినదంతా నిద్ర ఉన్నవాడికి పనికొచ్చేది. ఇతనికి నిద్ర లేదు.

స్టూడెంట్ వీసా మీద, విడిగా అనుమతి తీసుకుని, వారానికి 28 గంటలు పనిచేయొచ్చు. స్కూల్ దీర్ఘ సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా. ఆ 28 ఏ రోజు నుంచి లెక్కపెట్టినా దాటకూడదు, రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి లెక్క. ఇతను బెంతో (డబ్బాలో సర్దిన భోజనం) ఫ్యాక్టరీలో వారానికి నాలుగు రాత్రులు, ఒక్కోటి ఏడు గంటలు, లెక్కకు సరిగ్గా 28 చేసేవాడు. రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా పనికి చట్టప్రకారం 25 శాతం అదనంగా ఇవ్వాలి. 2023 అక్టోబరు నుంచి ఏడాది పాటు టోక్యోలో కనీస వేతనం గంటకు 1113 యెన్లు ఉండేది. రాత్రిళ్ళు చేస్తే 1391 పడేది. అందుకే అందరూ రాత్రి పనికి ఎగబడతారు. ఫ్యాక్టరీ నుంచి మొదటి ట్రైనులో గది చేరి, రెండు గంటలు పడుకుని తొమ్మిదికి క్లాసులో కూర్చుంటే కంజి ఎవరికి ఎక్కుతుంది? అతని హాజరు పోయిన రోజులన్నీ షిఫ్టు మర్నాడివే.

మానెయ్యమని చెప్పడం తేలిక. స్కూల్ ఫీజు ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్లు, ఇంటి దగ్గర అప్పు, రూమ్ అద్దె. ఏ షిఫ్టు మారిస్తే ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్క వేశాం. శుక్రవారం, శనివారం రాత్రులు ఫ్యాక్టరీలోనే ఉంచుకున్నాడు, మర్నాడు క్లాసు ఉండదు కాబట్టి. మిగతా రెండు రాత్రులు మానేసి, గదికి దగ్గర్లోని సూపర్‌మార్కెట్లో రెండు సాయంత్రాలు ఐదేసి గంటలు పెట్టుకున్నాడు. ఆదాయం వారానికి ఎనిమిది వేల యెన్ల పైచిలుకు తగ్గింది. నెలకు సుమారు 35 వేలు. ఇది ఇంట్లో చెప్పడానికి అతనికి నెలన్నర పట్టింది. నాన్న ఒప్పుకున్నారు, అమ్మ మాత్రం చిట్టీ డబ్బుల గురించి చాలాకాలం సతాయించింది.

అనుకోని లాభం సూపర్‌మార్కెట్లోనే వచ్చింది. ఫ్యాక్టరీలో బెల్టు ముందు నిలబడి అన్నం మీద ఆవకాయ ముక్కంత సైజు ఉమెబొషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) ఒకటి పెట్టే పనిలో మాటా ఉండదు, అక్షరమూ ఉండదు. సూపర్‌మార్కెట్లో ప్రతి సాయంత్రం తేదీలు చూసి స్టిక్కర్లు అంటించాలి. గడువు తేదీ, తగ్గింపు, సగం ధర, పుట్టిన ప్రాంతం, నిల్వ ఉంచే పద్ధతి: ఇవన్నీ కంజి జంటలే, ఎక్కువగా ఎన్3, ఎన్2 స్థాయి మాటలే. షోమికిగెన్ (గడువు తేదీ), వరిబికి (తగ్గింపు), హంగకు (సగం ధర). ఏ కార్డూ లేకుండా ఒక నెలలో కంటికి అంటుకుపోయాయి.

కింది క్లాసు

జనవరిలో స్కూల్ ఒక క్లాసు కిందికి దిగమంది. ఇతను ఒప్పుకోలేదు. "మా ఊర్ల తెలిస్తే ఫెయిలయిండు అంటరు" అన్నాడు. ఊళ్ళో ఎవరికీ ఇక్కడ ఎన్ని క్లాసులున్నాయో కూడా తెలియదు, అది వేరే సంగతి. పైగా హైదరాబాద్‌లో ఏజెంటు ఇంటివాళ్ళకు చెప్పి పంపింది ఏడాదిలో ఎన్2, వెంటనే ఉద్యోగం అని. ఫీజు మారదు, కోర్సు ముగిసే తేదీ మారదు, చివరికి చేరే స్థాయి మాత్రమే కొంచెం తగ్గొచ్చు అని విడమరిచి చెప్పాక దిగాడు.

మొదటి రెండు వారాలు హాయిగా ఉంది. ఆ తర్వాత విసుగు మొదలైంది, అది నేను ఊహించిందే. చెవికి తెలిసిన పాఠాలే మళ్ళీ చెప్తున్నారు. చాలామంది ఇక్కడే జారిపోతారు. తేలికైన క్లాసు దొరికింది కదా అని పని గంటలు పెంచుకుంటారు, హాజరు పడిపోతుంది. కింది క్లాసు ఇచ్చేది టైమ్ మాత్రమే, దాన్ని దేనికి వాడాలో తెలియకపోతే దిగి లాభం లేదు. ఇతనికి పని ముందే రాసిపెట్టాను: వ్యాకరణం తెలిసిన పాఠం వచ్చినప్పుడు అదే పాఠాన్ని ఫురిగాన లేని ప్రింటులో చూస్తూ టీచర్ చెప్పేది వినాలి. తెలిసిన విషయం, తెలియని అక్షరం. ఆ మూడు నెలల్లో అతని చదివే వేగం దాదాపు రెట్టింపైంది.

తర్వాత

ఏప్రిల్ టర్మ్ నుంచి క్లాసుతో సమానంగా నడిచాడు. మార్చి చివరి టర్మ్ పరీక్షలో చదవడం 63, కంజి 66. 2024 జులైలో ఎన్3 రాశాడు. 180కి 95 వస్తే పాస్, ఒక్కో విభాగంలో 60కి కనీసం 19 రావాలి. భాషా జ్ఞానంలో 31, చదవడంలో 26, వినడంలో 52, మొత్తం 109. ఫలితం చూసి అతను ఎగిరి గంతేశాడు గానీ నా కళ్ళు ఆ 26 మీదే ఆగాయి.

డిసెంబరులో ఎన్2 పోయింది. 90 కావాలి, 87 వచ్చాయి. చదవడం 20. మూడు మార్కులతో పోయింది అని రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

ఆ ఫలితం రాకముందే ఉద్యోగం దొరికింది. చిన్న ఐటీ కంపెనీ. ప్రకటనలో ఎన్2 స్థాయి అనే రాశారు, కానీ ఎంపిక మూడు రౌండ్లూ మాటమీదే జరిగింది. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, అందుకే అక్కడ ఇతని అసలు బలానికి ఒక్క మార్కూ రాదు. కంపెనీవాళ్ళకు కావలసింది జపాన్ టీముతో, బెంగళూరు టీముతో రోజూ మాట్లాడే మనిషి. బీటెక్ ఉంది కాబట్టి స్టూడెంట్ వీసా నుంచి ఇంజినీర్ల వీసాకు మారడం ఇబ్బంది కాలేదు. 2025 ఏప్రిల్‌లో చేరాడు, జులైలో మళ్ళీ ఎన్2 రాయాలనే ఒప్పందంతో.

ఇప్పటికీ చేత్తో కంజి సరిగ్గా రాయలేడు. వార్డు ఆఫీసులో ఫారం నింపాల్సి వస్తే సొంత అడ్రసు ఫోన్‌లో చూసి రాస్తాడు. కీబోర్డు మీద చదివే తీరు కొట్టి, వచ్చిన కంజిల్లోంచి సరైనది ఎంచుకోవడం వస్తే ఆఫీసు పని నడుస్తుంది కాబట్టి దానిమీద నేను టైమ్ పెట్టలేదు. వేరే టీచర్లు దీనికి ఒప్పుకోరని తెలుసు.

జులై పరీక్షకు అప్లికేషన్ మార్చిలోనే పెట్టించాను. ఎన్2లో భాషా జ్ఞానం, చదవడం కలిపి 105 నిమిషాలు. డిసెంబరులో అతను వరసగా రాసుకుంటూ పోయి, చివరి రెండు పెద్ద పాఠాల దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు కూడా మిగల్లేదట. అందుకని ఈసారి వారానికి రెండుసార్లు గడియారం పెట్టి చదివించాను, కంజి-పదాలకు పదిహేను నిమిషాలు దాటకుండా. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున మాత్రం వదిలేసేవాళ్ళం.